లైసెన్సు కోసం వెలిగించిన పొయ్యి

యుద్ధం ముగిసినా కంట్రోళ్లు ముగియని రోజులవి. తిరుపతిలో నేలలు వేసి బతికే మాబోటివాళ్లకు అప్పుడొక కొత్త చిక్కు వచ్చిపడింది. అంతకుముందు లైసెన్సు అన్న మాటతో మాకు పని లేదు. సత్రం కట్టించేవాళ్లో, ఇల్లు కట్టుకునేవాళ్లో కబురు పంపితే నాయన వెళ్లేవాడు. చెప్పులు విడిచి, దిమ్మిసతో గట్టి చేసిన మట్టి మీద మడమతో అక్కడక్కడా తొక్కి చూసి, పని ఎన్నాళ్లు పడుతుందో చెప్పేవాడు. ఒప్పందం అంతే. ఆసుపత్రులు, బడులు, ప్రయాణికుల బంగళాలు వంటి సర్కారు పనులు మాత్రం చిత్తూరు ఇంజనీరాఫీసులో పేరు నమోదైన కంట్రాక్టరుకే ఇచ్చేవాళ్లు. అలాంటి ఒక పెద్ద కంట్రాక్టరు కింద మేం ఆ పనులు కూడా చేసేవాళ్లం. లైసెన్సు ఆయనది, నడుము మాది అని పెద్దమ్మ అంటుండేది.

ఆ కంట్రాక్టరుకు పక్షవాతం వచ్చి పనులు చాలించుకున్నాడు. అదే కాలంలో ఊళ్లో వాళ్లు సున్నపు గచ్చు మాని సిమెంటు నేలలు అడగడం మొదలుపెట్టారు. నున్నగా ఉంటుందని, తుడుచుకోవడం సులువని. సిమెంటేమో పర్మిట్టు మీద తప్ప దొరకదు. పర్మిట్టు లైసెన్సున్నవాళ్లకు తప్ప ఇవ్వరు. మేం ఒప్పుకున్న ఒక సత్రంలో సగం వేసిన వరండా అలాగే ఆగిపోయింది. సత్రం మేనేజరు నాయనను పిలిచి, "పని నీది, బాగుండాది. పేరు మాత్రం నీది కాదంటాండారు గదప్పా. పేరుండే మనిషిని యాడన్నా సూసి తోడుకోనిరా," అన్నాడు.

నాయన ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత పెద్దనాయనతో అన్నాడు: "ఇంగ నేను పేరుండేవాని కింద కూలికి పోవల్ల. లేకుంటే నా పేరున లైసెన్సు తియ్యల్ల. మూడో దోవ లేదన్నా."

మా ఇంట్లో అందరిదీ ఒకటే పని, ఒకటే పొయ్యి. నాయనకు అన్న అయిన పెద్దనాయన పెరటి వెనక సున్నపు గానుగ నడిపేవాడు. గుండ్రటి రాతికాలవలో సున్నమూ ఇసుకా వేసి, ఎద్దును కట్టి రాతిచక్రం తిప్పిస్తే అదంతా వెన్నలాగా నలిగేది. ఏళ్ల తరబడి ఆ సున్నం చింది ఆయన కళ్లు మసకబారాయి. ఎద్దు వెంట నడవగలడు గాని ఎదురుగా ఉన్న మనిషిని గొంతును బట్టే గుర్తుపట్టేవాడు. అందుకని బయటి వ్యవహారమంతా నాయనదే. పెద్దమ్మ ఆడవాళ్ల జట్టుకు పెద్ద. గచ్చు పరిచిన తర్వాత దాన్ని కొయ్య పలకలతో రోజుల తరబడి కొట్టాలి. బెల్లమూ కరక్కాయా నానిన నీళ్లు చిలకరిస్తూ, ఆడవాళ్లు వరసగా కూర్చుని, వెనక్కి జరుగుతూ కొట్టేవాళ్లు. ఆ వరసకు మొదట పెద్దమ్మ, ఆమె పక్కన అమ్మ.

పెద్దమ్మకు పిల్లలు లేరు. పని జరిగే చోట ఎవరైనా కొత్తవాళ్లు నన్ను చూపించి "ఈ పిలగాడు ఎవరి కొడుకు?" అని అడిగితే పెద్దమ్మే ముందుగా "నా కొడుకే" అనేది. అమ్మ నవ్వి ఊరుకునేది. అలా అడిగేవాళ్లు నాకు మీసాలు వచ్చాక కూడా ఉండేవాళ్లు, పెద్దమ్మ జవాబు కూడా మారలేదు.

నా చదువు గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. నేను బడిలో నేర్చింది తక్కువ. తక్కినదంతా ఊళ్లోని గ్రంథాలయం పెట్టిన భిక్ష. సాయంత్రం పని దిగి, చేతులకంటిన సున్నం నూనె రాసి తుడుచుకుని అక్కడికి పరుగెత్తేవాణ్ణి. పుస్తకం అంచున తెల్లటి వేలిముద్ర పడితే గ్రంథాలయం చూసుకునే అయ్యవారు ఊరుకునేవారు కాదు. ఒక అలమర ముగించి ఇంకో అలమర మొదలుపెట్టే పద్ధతిలో చదివాను. చరిత్ర, వైద్యం, తేనెటీగల పెంపకం, యాత్రలు, న్యాయశాస్త్రం, ఏది ముందుంటే అది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు కూడా కూడబలుక్కున్నాను. కొన్నాళ్లకు మా వీధిలో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్లు. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

కాబట్టి నాయన చిత్తూరు నుంచి లైసెన్సు షరతులు తెప్పించినప్పుడు అవి చదివి చెప్పే పని నాదే అయింది. అయ్యవారిని అడిగి నిఘంటువు దగ్గర ఒక పూటంతా కూర్చుని, అర్థం రాసుకుని, అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి చదివాను. చేసిన పనులకు యోగ్యతాపత్రాలు కావాలి. ధరావతు కట్టాలి. పని జరిగే చోట లైసెన్సుదారు తానే ఉండి చూసుకోవాలి. కంకర, సున్నం, సిమెంటు పాళ్లు ఆఫీసు వాళ్లు చెప్పినట్టే ఉండాలి, బెల్లం కరక్కాయ వంటివి కలపకూడదు.

"బెల్లం లేకుంటే సున్నం యాడ పట్టుకుంటాదిరా?" అని పెద్దమ్మ లేచింది. "అది రాసినాయప్ప ఎప్పుడన్నా నేల మీద నడిసినాడా, గాల్లోనే తేలతాడా?"

"బెల్లం మీద కూడా కంట్రోలు ఉండాది గద పెద్దమ్మా."

"ఉంటే ఉండనీ. మనిసి నోటికి కంట్రోలు పెట్టుకోమను. నేల నోరు ఎందుకు కట్టేది?"

అందరూ నవ్వారు. పెద్దనాయన మాత్రం "ఇంగా ఏముండాదో సదవనీ మే, గమ్మునుండు," అన్నాడు. చివరి షరతు సాల్వెన్సీ సర్టిఫికెట్టు. అంటే, పని చెడిపోతే ఆ నష్టం రాబట్టుకోవడానికి చాలినంత ఆస్తి ఈ మనిషికి సొంతంగా ఉందని తహశీల్దారు ఇచ్చే ధ్రువపత్రం. ఈ లైసెన్సు ఒక ఏడాదికే చెల్లుతుంది, ప్రతి ఏటా ఆ ధ్రువపత్రంతో సహా అంతా కొత్తగా తెచ్చుకోవాలి. "ఇల్లుండాది, గానుగుండాది, సేనుండాది. మనకేమి తక్కువ?" అన్నాడు నాయన ధీమాగా.

ఆ ధీమాతోనే నన్ను వెంటబెట్టుకుని, పాకాల మీదుగా పోయే రైలెక్కి చిత్తూరు వెళ్లాడు. ఆఫీసులో గుమాస్తా మంచివాడే. మమ్మల్ని బల్ల మీద కూర్చోమన్నాడు. యోగ్యతాపత్రాలు చూసి తల ఊపాడు. తర్వాత అడిగాడు: "ఆస్తి ఎవరి పేరున ఉండాది?"

"మా నాయన పేరున సామీ. ఆయన కాలం సేసినాడు."

"అన్నదమ్ములు?"

"అన్న ఉండాడు. అందరమూ కలిసే ఉండాం. ఒక పొద్దు కూడా వేరే వండుకోలా." నాయన ఈ మాట కొంచెం తల ఎత్తి చెప్పాడు. మా బంధువుల్లో ఆ మాట చెప్పుకోగలిగిన ఇల్లు ఇంకొకటి లేదు.

గుమాస్తా కలం కింద పెట్టాడు. "అదే గదప్పా చిక్కు. కలిసుండే ఆస్తి మీద తహశీల్దారు నీకొక్కనికే రాసియ్యడు. రేపు పని సెడిపోతే అందులో నీది ఎంతో, మీ అన్నది ఎంతో ఆఫీసుకు ఎట్ల తెలిసేది? పోనీ, మీ అన్న పేరుతోనే లైసెన్సు తీసుకోండి."

"ఆయనకు కండ్లు ఆనవు సామీ."

"అట్లయితే ఆయనకు ఇయ్యరు. పని తానే సూసుకోవల్లని షరతుండాది."

ఆ షరతు అరుగు మీద నేను చదివి వినిపించిందే. తిరుగు రైల్లో నాయన కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. పాకాల దాటాక అన్నాడు: "కలిసుండామని సెప్పుకోని ఇన్నాళ్లూ తల ఎత్తుకోని తిరిగినా. ఈయప్ప దాన్ని రోగం మాదిరి సూసినాడు సూడు."

ఉపాయం చెప్పింది చంద్రగిరి తాలూకా కచేరీ బయట కూర్చునే దస్తావేజుల లేఖరి. అతను మా మాట పూర్తిగా వినను కూడా లేదు. "బాగాలు పంచుకున్నట్టు ఒక కాయితం రాసుకోండప్పా. కాయితం మీద వేరు, కంచంలో ఒకటి. ఎంతమంది రాసుకోలా? ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. రెవెన్యూ ఇన్స్పెక్టరు ఇంటికొచ్చి విచారిస్తాడు. వేరుపడినామని సెప్పి, ఒకే పొయ్యి సూపిస్తే పని సెడుతాది."

నాయన ఈ సంగతి ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక రెండు పూటలు అన్నం సరిగ్గా తినలేదు. చివరికి పెద్దనాయనే పిలిచి అడిగి తెలుసుకున్నాడు. "దీనికా ఇంత? నీకొస్తే అందరికీ వచ్చినట్టే గదా. రాసెయ్," అన్నాడు. పంపకం కూడా ఆయనే చెప్పాడు. సర్టిఫికెట్టుకు విలువ చాలాలి కాబట్టి ఇల్లు నాయనకు. గానుగ, ఎద్దు, గానుగ పక్క కొట్టం, ఊరి బయటి చేను తనకు. అప్పట్లో అది న్యాయమైన పంపకమే. గానుగ మీద వచ్చే రాబడి ఇంటి వెలకు తీసిపోయేది కాదు.

"అయితే ఇంగ నువ్వు నా గానుగలో సున్నం కొనుక్కోవల్లబ్బోడా!" అని పెద్దమ్మ నాయనను ఆటపట్టించింది. "సేతిలో దుడ్డు పెడితేనే సున్నం. మరిదివని సులకనగా ఇయ్యను."

"నువ్వు మాత్రం నా అరుగు మీద కూసుంటే బాడిగ ఇయ్యల్ల వదినా!"

అంతా హాస్యంగానే ఉంది. లేఖరి మా ఇంటికే వచ్చి, రాసిన దస్తావేజు అందరూ వినేట్టు చదివాడు. అన్నదమ్ముల పేర్లు, వయసులు, హద్దులు చదువుతూ, వారసుల దగ్గరికి వచ్చాడు. చిన్నవాడికి ఒక కుమారుడు అని నా పేరు చదివాడు. పెద్దవాడికి సంతానం లేదు అని చదివాడు. అందులో తప్పేమీ లేదు, దస్తావేజులో అలాగే రాస్తారు. నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. ఏరడం ఆగింది. లేఖరి తర్వాతి పేజీ తిప్పాక మళ్లీ ఏరసాగింది.

రిజిస్ట్రారాఫీసులో పెద్దనాయన వేలిముద్ర వేశాడు. బయటికొచ్చాక ఆ దస్తావేజు చేత్తో తడిమి, "ఇంతేనా?" అని అడిగాడు.

ఇక ఇన్స్పెక్టరు రాకముందే కొట్టంలో ఒక పొయ్యి ఉండాలి. అమ్మే మట్టి తొక్కి, పొయ్యి పెట్టి, అలికింది. మర్నాడు నాయన దాన్ని చూసి, "ఇట్లుంటే నిన్న పెట్టిందని సిన్నపిల్లోడు కూడా సెప్తాడు. కొంచెం మసి పట్టాల. ఒక పూట ఏమన్నా వండండి," అని చెప్పి పనికి పోయాడు. పెద్దమ్మ నాలుగు పుల్లలు తెచ్చి, నిప్పు కోసం ఇంట్లోకి వచ్చింది.

"అక్కా, ఆగు," అంది అమ్మ. "ఉత్తపొయ్యి ముట్టిస్తావా? కొంపకు అరిష్టం."

"అంతా దొంగపొయ్యి గద మే, దానికి కూడా పూజ సేస్తావా?"

"దొంగదైనా పొయ్యే గదక్కా. నిప్పుకు దొంగది, దొరది అని తెలుస్తాదా?"

అమ్మ పసుపు రాసింది, కుంకుమ పెట్టింది. ఇంట్లోంచి పాలు తెచ్చి కొత్త చట్టిలో పోసింది. పెద్దమ్మ చేతికి నిప్పు ఇచ్చి ఆమె చేతనే ముట్టించింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. పాలు కాగి తూర్పు వైపు పొంగాయి. అమ్మ సంతోషపడి పెద్దమ్మ నుదుట కుంకుమ పెట్టింది. ఎవరైనా కొత్తగా ఇల్లు చేరితే ముత్తైదువలు చేసేది అదే. కొత్త పొయ్యిని మా ఇళ్లల్లో ఇంకో రకంగా వెలిగించడం అమ్మకు తెలియదు. పెద్దమ్మకూ తెలియదు. ఆ పాలలోనే బియ్యం వేసి పొంగలి వండారు, అందరమూ తిన్నాం.

ఇన్స్పెక్టరు సైకిలు మీద వచ్చాడు. నాయన పెద్దమ్మకు ముందే మాటలు నేర్పి పెట్టాడు. ఇన్స్పెక్టరు కొట్టంలోకి తొంగి చూసి, "వేరేగా ఉండారా అమ్మా?" అని అడిగాడు.

"వేరేనయ్యా. ఎప్పుడో పోయినాం," అంది పెద్దమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. నవ్వు ఆపుకోవడానికని మాకు తెలుసు, ఆయన సిగ్గనుకున్నాడు.

"కొట్లాటలేమన్నా ఉండాయా?"

"ఇంత దగ్గరగా ఉండి కొట్లాడకుంటే ఎట్లయ్యా పొద్దు పోయేది?"

ఆయన కూడా నవ్వి, మసి పట్టిన పొయ్యి చూసి, రాసుకుని వెళ్లిపోయాడు. పెద్దనాయన కర్ర అందుకుని, "అయిపాయ గదా, రా మే, లోపలికి పోదాం. ఆకలైతాండాది," అన్నాడు.

పెద్దమ్మ కదలలేదు. "పాలు పొంగిన పొయ్యి ఆరిపోకూడదు. ఈ పూటకు ఈడనే వండుతా," అంది.

ఆ పూట అక్కడే వండింది. మర్నాడు కూడా అక్కడే వండింది. అమ్మ వెళ్లి పిలిచింది. "పొయ్యిని పండగ దాకా అన్నా ఉండనీ మే," అంది పెద్దమ్మ. పండగ వచ్చింది, పోయింది. ఆమె పసుపు డబ్బా, తిరగలి, ఒక్కొక్కటే కొట్టంలోకి చేరాయి. ఎవరూ మోసుకుపోవడం మేం చూడలేదు.

అమ్మ ఏడ్చేది. "నేను పాలు పొంగిచ్చింది సెడు జరక్కూడదని గదక్కా."

"నాకు తెలుసు మే. నిన్ను ఎవురేమన్నారు? పొంగిన పాలు మళ్లా సట్టిలోకి పోవు గదా, అంతే."

నేను నాకు తెలిసిన దారిలో ప్రయత్నించాను. గ్రంథాలయంలో న్యాయశాస్త్రం అలమర ముందు కూర్చుని, ఉమ్మడి కుటుంబం గురించి ఉన్నదంతా చదివాను. వేరే వండుకున్నంత మాత్రాన కుటుంబం విడిపోయినట్టు కాదని, అది ఒక ఆనవాలు మాత్రమేనని అందులో స్పష్టంగా ఉంది. ఆ మాటలు పొల్లుపోకుండా రాసుకొచ్చి కొట్టం ముందు కూర్చుని పెద్దమ్మకు చదివి చెప్పాను. ఆమె నేను చెప్పిందంతా శ్రద్ధగా విన్నది. నేను ఏది చదివినా ఆమె అలాగే వినేది.

"బాగుండాది. పెద్దోళ్లు రాసినారు గదా, నిజమే అయుంటాది," అంది. "నువ్వు ఎవరి కొడుకువో కూడా అందులో రాసినారా?"

ఆమె నా ముందు సంగటి ముద్ద పెట్టింది. తిన్నాను. ఇంటికి వెళ్లి అమ్మ పెట్టింది కూడా తిన్నాను. ఆ తర్వాత చాలాకాలం రెండు చోట్లా తినేవాణ్ణి, ఏ ఇంట్లోనూ కడుపు నిండిందని చెప్పే ధైర్యం లేక.

పెద్దనాయన ఆమెను ఒక్క మాట అనలేదు. పగలంతా మా అరుగు మీదనే కూర్చునేవాడు, తిండి వేళకు కర్ర తాటించుకుంటూ కొట్టానికి పోయేవాడు. నాయన ఒకసారి ఆయన కాళ్లు పట్టుకుని, ఆ దస్తావేజు చించేస్తానన్నాడు. "సించితే పోతాదా అప్పా?" అన్నాడు పెద్దనాయన. "రిజిస్ట్రారు పుస్తకంలో ఉండాది. అది గాక, నీ లైసెన్సు గతేమి?"

లైసెన్సు వచ్చింది. నాయన పేరు టైపు చేసిన కాగితం, కింద గుండ్రటి ముద్ర. సత్రం మేనేజరు దాన్ని చేతిలోకి తీసుకుని, నాయనను మొదటిసారి కుర్చీలో కూర్చోమన్నాడు. సిమెంటు పర్మిట్టు దొరికింది, ఆగిన వరండా పూర్తయింది. తర్వాత కార్వేటినగరం వైపు ఒక ఊళ్లో చిన్న ఆసుపత్రికి నేల వేసే పని వచ్చింది. నాయన సొంత పేరుతో చేసిన మొదటి సర్కారు పని అది. ఇంజనీరు వచ్చి చూసి ఏ వంకా పెట్టలేదు.

కానీ సిమెంటు నేలను కొట్టేపని లేదు. తాపీతో సాపు చేసి, తడిపి, ఆరబెట్టడమే. పెద్దమ్మ జట్టులోని ఆడవాళ్లు ఒక్కొక్కరే వేరే పనులు వెతుక్కున్నారు. ఒకామె రైల్వే స్టేషను దగ్గర పూలమ్మసాగింది. అడుగు పొరకు మాత్రం ఇటుక ముక్కలూ సున్నమూ ఇంకా వాడేవాళ్లం కాబట్టి గానుగ అప్పుడప్పుడు తిరిగేది. ఎద్దు ఎక్కువ రోజులు కొట్టం పక్కన నెమరేస్తూ పడుకునేది. లైసెన్సు ఎంత పని తెచ్చిపెడితే గానుగకు అంత పని తగ్గింది. పంచుకున్న రోజున సమానంగా ఉన్న రెండు భాగాలు ఏడాది తిరక్కుండానే అలా ఎక్కువ తక్కువలయ్యాయి. దస్తావేజులో మాత్రం సమానంగానే ఉన్నాయి.

నాయనకు ఇది అందరికంటే ముందే కనిపించింది. అవసరం లేకపోయినా గానుగలో సున్నం ఆడించి కొనుక్కునేవాడు. పెద్దమ్మకు అది తెలిసిపోయింది. ఒకరోజు గంపల్లో సున్నం ఎత్తుతూ, "లైసెన్సుదారుగారూ," అని పిలిచింది, పాత నవ్వు నవ్వుతూనే. "పోయినసారి తీసకపోయిందే మీ పెరట్లో ఎండిపోతాండాది గదా. ధర్మానికి కొంటాండారా?"

"వదినా, అట్లనాకు."

"ఇంగెట్లనేది? నువ్వు కొంటాండావు, నేను అమ్ముతాండా. నేను ముందే సెప్పినా గదబ్బోడా."

నాయన గంపలు అక్కడే దించి వచ్చేశాడు.

ఏడాది గడిచింది. లైసెన్సు మళ్లీ రాయించుకోవాలంటే సర్టిఫికెట్టు మళ్లీ కావాలి. విచారణకు అదే ఇన్స్పెక్టరు, అదే సైకిలు మీద వచ్చాడు. ఈసారి నాయన ఎవరికీ మాటలు నేర్పలేదు. అమ్మ ఇంట్లోంచి బయటికి రాలేదు. పెద్దనాయన అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాడు. నేను కొట్టం దాకా ఇన్స్పెక్టరు వెంట వెళ్లాను. పెద్దమ్మ సంగటి కెలుకుతోంది. పొయ్యి గోడంతా నల్లబడి ఉంది. ఒక మూల కుండల వరస, దండెం మీద ఆరిన చీర. ఆయన పుస్తకం తెరిచి, చూడాల్సింది ఏమీ లేదన్నట్టు గుమ్మం దగ్గరే నిలబడి అడిగాడు.

"ఏమమ్మా, ఇంగా వేరేగానే ఉండారా? మళ్లా కలిసినారా?"

పెద్దమ్మ కెలకడం ఆపి తల ఎత్తింది. నాయన పెరటి గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె ఆయన వైపు చూసింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఇన్స్పెక్టరు కూడా ఆగాడు.

ఆ క్షణంలో తను ఏమనుకున్నాడో నాయన చాలా ఏళ్ల తర్వాత నాతో చెప్పాడు. "'కలిసే ఉండామయ్యా' అంటాదేమో అనుకున్న్యారా. అనింటే ఆ లైసెన్సు తీసకపోయి ఆ పొయ్యిలోనే ఏసేసి ఉందును. మళ్లా కూలికి పోయి ఉందును." అది ఆయన ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. ఆమె ఆ చూపులో ఏం వెతికిందో కూడా ఎవరికీ చెప్పలేదు. బహుశా ఆయన నోరు తెరిచి కలిసే ఉన్నామని అంటాడేమోనని ఆమె కూడా చూసిందేమో. నేనెన్ని పుస్తకాలు చదివినా ఇది ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

"వేరేనయ్యా," అని చెప్పి పెద్దమ్మ మళ్లీ కుండ వైపు తిరిగింది.

సర్టిఫికెట్టు వచ్చింది. చిత్తూరు నుంచి కొత్త లైసెన్సు కూడా వచ్చింది. నాయన దాన్ని నా చేతికిచ్చి చదవమన్నాడు. పేరు, ఆ ఏడాది, షరతులు అన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివాను. అన్నీ పాతవే.

"ఇంగేమన్నా రాసినారా?" అని అడిగాడు.

లేదన్నాను. ఆయన కండువా భుజాన వేసుకుని, పని చోట సిమెంటు తడపాలని బయల్దేరాడు.